ఇటలీ నురగ వైన్లు: రుచి చూసే తీరు

నురగ చిమ్మే వైన్ అనగానే సామాన్య పాఠకుల మనసులో మెదిలేది ఫ్రాన్స్‌కు చెందిన షాంపేన్ పేరే అయినా, ఆ షాంపేన్‌ను తయారుచేసే పద్ధతిని నూట అరవై ఏళ్ల కిందటే అందిపుచ్చుకుని, తన నేలకూ తన ద్రాక్షకూ తగినట్టు మలచుకున్న దేశం ఇటలీ. సీసాలోనే రెండోసారి పులియబెట్టే ఈ పద్ధతిని ఇటాలియన్లు మెతొదో క్లాస్సికో, అంటే సంప్రదాయ పద్ధతి, అని వ్యవహరిస్తారు. ఆ దేశపు నురగ వైన్లలో ఎక్కువ భాగం పెద్ద ట్యాంకుల్లో తయారై తక్కువ ధరకు దొరికే ప్రొసెక్కో వంటి రకాలే కావడంతో, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సీసాల్లో ఉండి రూపుదిద్దుకునే సంప్రదాయ పద్ధతి వైన్ల గురించి బయటి ప్రపంచానికి తెలిసింది తక్కువే.

గంజాం జిల్లాలో కొడల, ఛత్రపురం, బరంపురం పరిసరాల తెలుగువారికి వైన్ పరాయి వస్తువే కావచ్చు గాని, వాసనను బట్టి సరుకు తరం నిర్ణయించే విద్య మాత్రం పరాయిది కాదు. ఆ తీరప్రాంతంలో పూచే మొగలి పువ్వుకూ, దాన్ని రాగి పాత్రల్లో బట్టీపట్టి తీసే సుగంధ తైలానికీ భౌగోళిక గుర్తింపు లభించింది. ఒకే పువ్వు నుంచి వచ్చినప్పటికీ స్వచ్ఛమైన తైలమైన రూహ్, గంధపు నూనెలోకి పట్టిన అత్తరు, మొగలి నీరు అనే మూడూ మూడు తరాల సరుకులు కావడానికి కారణం వాటి తయారీలో ఉన్న తేడాయే. ఇటలీ నురగ వైన్లను అర్థం చేసుకోవడానికి పనికివచ్చే సూత్రం కూడా ఇదే: గ్లాసులో ఏ పరిమళం వస్తున్నదో గుర్తించడం సగం పనే, అది తయారీలోని ఏ దశ నుంచి వచ్చిందో గుర్తించినప్పుడే రుచి చూడడం పూర్తవుతుంది.

సీసా లోపల జరిగే పని

సంప్రదాయ పద్ధతిలో మొదటి మెట్టు, నురగ లేని మామూలు తెల్ల వైన్‌ను తయారుచేయడం. ఇందుకోసం ద్రాక్షను పూర్తిగా ముగ్గనివ్వకుండా, పులుపు ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. అందువల్ల ఆ తొలి వైన్‌లో ఆల్కహాల్ పది, పదకొండు శాతం దగ్గరే ఉండి, పులుపు మాత్రం నాలుకను గుచ్చేంత ఎక్కువగా ఉంటుంది. వేర్వేరు తోటల వైన్లను, అవసరమైతే వేర్వేరు సంవత్సరాల వైన్లను కలిపిన తర్వాత, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెరనూ కొంత ఈస్ట్‌నూ చేర్చి, సీసాల్లో నింపి మూతలు బిగిస్తారు. చక్కెరను ఆహారంగా తీసుకున్న ఈస్ట్ ఆల్కహాల్‌నూ బొగ్గుపులుసు వాయువునూ విడుదల చేస్తుంది. కల్లు పొంగడానికీ కారణం ఈ వాయువే. అయితే కల్లుకుండ నోరు తెరిచి ఉండడం వల్ల అది గాలిలో కలిసిపోతుంది, మూసిన సీసాలో మాత్రం బయటికి దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. ఈ దశ ముగిసేసరికి సీసా లోపలి ఒత్తిడి సుమారు ఆరు అట్మాస్ఫియర్లకు చేరుకుంటుంది. ఈ సీసాల గాజు మందంగా ఉండడానికీ, బిరడాపై తీగ గూడు బిగించడానికీ కారణం ఇదే.

చక్కెర అయిపోయాక ఈస్ట్ కణాలు చనిపోయి సీసా అడుగున మడ్డిగా పేరుకుంటాయి. సంప్రదాయ పద్ధతి విశిష్టత అంతా ఈ మడ్డిలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు. చనిపోయిన కణాల గోడలు మెల్లమెల్లగా కరుగుతూ, తమలోని ప్రొటీన్లనూ అమైనో ఆమ్లాలనూ ఇతర పదార్థాలనూ వైన్‌లోకి విడిచిపెడతాయి. శాస్త్రజ్ఞులు ఆటోలిసిస్ అని పిలిచే ఈ క్రియ వల్లనే వైన్‌కు అప్పుడే కాల్చిన రొట్టె, బిస్కెట్టు, బాదం వంటి వాసనలు వస్తాయి, నురగ సన్నబడుతుంది, నోటిలో మీగడను తలపించే మెత్తదనం ఏర్పడుతుంది. ఈ మార్పు వారాల్లో వచ్చేది కాదు కనుకనే ప్రతి ప్రాంతపు నిబంధనావళీ వైన్ కనీసం ఎన్ని నెలలు మడ్డిపై ఉండాలో నిర్దేశిస్తుంది.

తగిన కాలం గడిచాక సీసాలను కొద్దికొద్దిగా తిప్పుతూ, క్రమంగా తలకిందులు చేస్తూ మడ్డినంతా మెడలోకి దించుతారు. ఒకప్పుడు చేతులతో వారాల తరబడి సాగిన ఈ పనిని నేడు చాలాచోట్ల యంత్రాలు కొద్ది రోజుల్లో పూర్తిచేస్తున్నాయి. ఆ తర్వాత సీసా మెడను అతిశీతల ద్రావణంలో ముంచి మూత తీస్తే, గడ్డకట్టిన మడ్డి లోపలి ఒత్తిడికి ఎగిరి బయటపడుతుంది. స్బొక్కతూర అని పిలిచే ఈ మడ్డితీత తర్వాత ఏర్పడిన ఖాళీని వైన్‌తోనో, చక్కెర కలిపిన వైన్‌తోనో పూరించి బిరడా బిగిస్తారు. చివర చేర్చే ఈ చక్కెర పరిమాణమే లేబుల్‌పై కనిపించే మాటలకు ఆధారం: లీటరుకు 3 గ్రాముల లోపు ఉండి, చక్కెర ఏమాత్రం చేర్చనిది పా దోజే లేదా దొసాజ్జో జీరో, 6 గ్రాముల లోపు ఎక్స్‌ట్రా బ్రూట్, 12 గ్రాముల లోపు బ్రూట్, 12 నుంచి 17 గ్రాముల వరకు ఎక్స్‌ట్రా డ్రై. డ్రై అంటే తీపి లేనిదని అర్థమైనా, ఎక్స్‌ట్రా డ్రై అన్నది బ్రూట్ కన్నా తియ్యగా ఉండడం కొత్తవారిని తికమక పెట్టే విషయం.

ట్యాంకు పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఇటలీలోని ఆస్తి పట్టణంలో పరిశోధన చేసిన ఫెదెరికో మార్తినొత్తి 1895లో ఈ పద్ధతికి పేటెంట్ పొందగా, ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ షార్మా 1907లో దాన్ని మెరుగుపరిచాడు. ఇందులో రెండో పులిపింపు పెద్ద ఉక్కు ట్యాంకులో కొన్ని వారాల్లోనే ముగుస్తుంది కనుక ద్రాక్షకు సహజమైన పువ్వుల, పండ్ల వాసనలు తాజాగా నిలుస్తాయి, రొట్టె వాసన దాదాపు ఉండదు. ప్రొసెక్కోలో బేరి పండు, తెల్లపూల వాసనలు ముందుకు రావడానికి కారణం ఇదే. ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అనడం సరికాదు. రెండింటి లక్ష్యాలే వేరు.

నాలుగు ప్రాంతాలు, నాలుగు తీర్లు

ఇటలీలో ఈ పద్ధతికి ఆద్యుడు కార్లో గాంచా. ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో పని నేర్చుకుని వచ్చిన ఈయన 1865లో పీడ్‌మాంట్ ప్రాంతపు కనెల్లి పట్టణంలో, స్థానికమైన మోస్కాతో ద్రాక్షతో దేశంలోని తొలి సంప్రదాయ పద్ధతి నురగ వైన్‌ను రూపొందించాడు. ఆ పట్టణం కింద తవ్విన విశాలమైన నేలమాళిగలు 2014లో పీడ్‌మాంట్ ద్రాక్షతోటల ప్రకృతి దృశ్యంలో భాగంగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ పరిసరాల కొండలపై నేడు తయారయ్యే వైన్ ఆల్తా లాంగా. పీనో నేరో అనే నల్ల ద్రాక్ష, షార్డొనే అనే తెల్ల ద్రాక్ష దీనికి ప్రధానం. తోటలు సముద్రమట్టానికి 250 మీటర్ల కన్నా ఎత్తున ఉండాలి. వైన్ కనీసం 30 నెలలు మడ్డిపై గడపాలి. వేర్వేరు సంవత్సరాల వైన్లను కలిపే ఆచారం ఇక్కడ లేదు. ప్రతి సీసా ఒకే ఏటి పంటతో తయారై, ఆ సంవత్సరాన్ని లేబుల్‌పై మోస్తుంది. అందువల్ల ఎండ కాసిన ఏడాదికీ చల్లని ఏడాదికీ ఉన్న తేడాను గ్లాసులోనే చదవగల వైన్ ఇది. ఇటలీ వైన్ల వర్గీకరణలో అత్యున్నత శ్రేణి అయిన డీఓసీజీ హోదా దీనికి 2011లో దక్కింది.

లోంబార్డీ ప్రాంతంలో, బ్రెష్షా నగరానికీ ఇసెయో సరస్సుకూ నడుమ ఉన్న ఫ్రాంచాకోర్తా నేడు ఈ పద్ధతికి ఇటలీలో అత్యంత ప్రసిద్ధమైన చిరునామా. బ్రెష్షాకు చెందిన వైద్యుడు జెరోలమో కొన్ఫోర్తి 1570లోనే నాలుకను కొరికే వైన్ల గురించి లాటిన్‌లో ఒక చిన్న గ్రంథం రాసినా, నేటి ఫ్రాంచాకోర్తా చరిత్ర మొదలైంది 1961లో. గ్విదో బెర్లుక్కి అనే భూస్వామి, ఫ్రాంకో జిలియాని అనే యువ వైన్ నిపుణుడు కలిసి ఆ ఏడాది మూడు వేల సీసాల తొలి వైన్‌ను తీశారు. 1995లో డీఓసీజీ హోదా పొందడంతో, సీసాలో పులిసే వైన్లలో ఆ హోదా అందుకున్న తొలి ఇటలీ వైన్ ఇదే అయింది. ప్రాచీన హిమనదాలు తోసుకొచ్చిన రాళ్లతో, ఇసుకతో ఏర్పడిన నేల, సరస్సు వల్ల మెత్తబడిన వాతావరణం కలిసి ఇక్కడి ద్రాక్షను షాంపేన్ ప్రాంతంలో కన్నా బాగా పండనిస్తాయి. ఫలితంగా వైన్‌లో పచ్చి పులుపు తక్కువగా, పండిన పీచ్, నారింజ పోలికలు ఎక్కువగా ఉండి, నోటికి నిండుగా తగులుతుంది. సాధారణ రకం 18 నెలలు, సంవత్సరం పేర్కొన్నది 30 నెలలు, రిజెర్వా 60 నెలలు మడ్డిపై ఉండితీరాలి.

ఫ్రాంచాకోర్తాకే ప్రత్యేకమైన రకం సాటెన్. కేవలం తెల్ల ద్రాక్షతో చేసే ఈ వైన్‌కు సీసాలో నింపే వేళ చక్కెర తక్కువగా చేర్చడం వల్ల లోపలి ఒత్తిడి అయిదు అట్మాస్ఫియర్లను మించదు. నురగ చురుక్కుమనకుండా మృదువుగా పరుచుకుంటుంది. మామూలు బ్రూట్‌నూ సాటెన్‌నూ పక్కపక్కన ఉంచి చూసిన వారికి, ఒత్తిడి అనే ఒక్క అంశం రుచిని ఎంతగా మార్చగలదో వివరించనక్కరలేదు. వేసవులు వేడెక్కుతున్న కొద్దీ ద్రాక్షలో పులుపు తగ్గిపోతున్నందున, ఆలస్యంగా పండి పులుపును నిలబెట్టుకునే ఎర్బమాత్ అనే పాత స్థానిక ద్రాక్షను పది శాతం వరకు కలపడానికి ఇక్కడి నిబంధనలు 2017లో అనుమతించాయి.

ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాల అంచున ఉన్న త్రెంతోది మరో తీరు. మోంపెలియేలోనూ షాంపేన్ ప్రాంతంలోనూ శిక్షణ పొందిన జూలియో ఫెర్రారి, షార్డొనే ద్రాక్షను ఈ లోయలకు తెచ్చి 1902లో తన సంస్థను స్థాపించాడు; సంతానం లేని ఆయన 1952లో దాన్ని త్రెంతో పట్టణపు వైన్ వ్యాపారి బ్రూనో లునెల్లికి అప్పగించాడు. ఫెర్రారి పేరిట 1972 పంటతో మొదలైన రిజెర్వా పదేళ్లకు దగ్గరగా మడ్డిపై ఉండి బయటికి వచ్చే వైన్‌గా పేరుపొందింది. పగలు ఎండ, రాత్రి కొండల చలి మారిమారి తగలడం వల్ల ద్రాక్షలో తీపితోపాటు పులుపు కూడా నిలిచి ఉంటుంది. అందుకే పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, కొండ పూల పోలికలతో, నిటారుగా నిలిచే పులుపుతో త్రెంతో వైన్ సులభంగా గుర్తుపట్టగలిగేలా ఉంటుంది. 1993లో విడిగా గుర్తింపు పొందిన ఈ వైన్లకు సాధారణ రకంలో 15 నెలలు, సంవత్సరం పేర్కొన్న రకంలో 24, రిజెర్వాలో 36 నెలలు కనీస కాలం.

లోంబార్డీకే చెందిన పావియా ప్రాంతపు ఓల్త్రెపో పవేసె ఇటలీలో పీనో నేరో ద్రాక్ష అత్యధికంగా పండే నేల. 2007లో డీఓసీజీ హోదా పొందిన ఇక్కడి సంప్రదాయ పద్ధతి వైన్‌లో కనీసం 70 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. తొక్క నలుపైనా రసం తెల్లదే కనుక, తొక్కతో తడవనీయకుండా త్వరగా పిండితే తెల్ల వైన్ వస్తుంది. అయినప్పటికీ చిన్న ఎర్ర పండ్ల పోలిక, నోటిలో బరువు, చివర ఒకింత వగరు ఆ ద్రాక్ష ఉనికిని చాటుతాయి. వీటికి తోడు సిసిలీలోని ఎత్నా అగ్నిపర్వతపు వాలుపై నెరెల్లో మస్కలేసె అనే ద్రాక్షతోనూ, దక్షిణాన పూలియాలోని సాన్ సెవెరోలో బొంబీనో బియాంకోతోనూ, వెనెతోలోని లెస్సీని కొండల్లో కత్తిలాంటి పులుపుగల దురెల్లాతోనూ స్థానిక ముద్రగల వైన్లు వస్తున్నాయి.

గ్లాసులో చూడవలసినవి

సంప్రదాయ పద్ధతి వైన్‌ను మంచుగడ్డలా చల్లబరిస్తే వాసనలు అణిగిపోతాయి. వేడిగా ఉంటే నురగ పొంగిపోయి వైన్ చప్పబడుతుంది. తక్కువ కాలం నిల్వ ఉన్నవాటిని 6 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ వద్ద, రిజెర్వా వంటివాటిని 10 డిగ్రీల దగ్గర వడ్డించడం అనుభవజ్ఞుల పద్ధతి. గంజాం, కోస్తాంధ్ర వేసవిలో గ్లాసులో పోసిన వైన్ నిమిషాల్లోనే వేడెక్కుతుంది కనుక కొద్దికొద్దిగా పోసుకుని, సీసాను మంచునీటి పాత్రలో ఉంచడం మేలు. బిరడాను బొటనవేలితో అదిమిపట్టి, దాన్ని కదపకుండా సీసాను తిప్పుతూ, ముఖాలకు దూరంగా తెరవాలి. పెద్ద చప్పుడుతో బిరడాను ఎగరగొట్టడం కళ్లకు ప్రమాదం, వాయువుకు నష్టం. సన్నని పొడుగు గ్లాసు బుడగలను అందంగా చూపినా వాసనను కూడనివ్వదు. నడుము వెడల్పుగా, పైఅంచు కొంచెం ముడుచుకున్న గ్లాసు ఈ పనికి తగినది.

చాలామంది మొదట లెక్కించేది బుడగలనే గాని, వాటిని బట్టి నాణ్యతను తేల్చడం తొందరపాటు. రీమ్స్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త జెరార్ లిజే-బెలేర్ పరిశోధనలు చూపినట్టు, బుడగల వరుసలు పుట్టేది గ్లాసు గోడకు అంటిన సన్నని నూలుపోగుల వంటి వాటిలో చిక్కుకున్న గాలి వద్ద, లేదా గ్లాసు అడుగున కావాలని గీసిన గీతల వద్ద. తళతళలాడేలా కడిగిన గ్లాసులో మేలైన వైన్ కూడా నిశ్చలంగా కనిపించవచ్చు. నురగ స్వభావాన్ని నిజంగా చెప్పగలిగేది నాలుక: అది గరుకుగా పొడుచుకుంటున్నదా, సన్నగా పరుచుకుంటున్నదా అన్నదే ప్రశ్న.

వాసనను మూడు పొరలుగా విడదీసి చూడడం తేలికైన మార్గం. నిమ్మ, ఆపిల్, పీచ్, పూలు ద్రాక్ష నుంచీ నేల నుంచీ వచ్చినవి; రొట్టె, బిస్కెట్టు, వెన్న మడ్డిపై గడిపిన కాలం ఇచ్చినవి; తేనె, వేయించిన జీడిపప్పు, ఎండు పండ్లు వయసు తెచ్చినవి. మొదటి పొర మాత్రమే ఉంటే వైన్ చిన్నదని, మూడూ ఒకదాన్నొకటి అణచకుండా ఉంటే పరిణతి చెందిందని భావించవచ్చు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం. అటువంటి సీసాను దుకాణానికి తిప్పి పంపవచ్చు.

నోటిలోకి తీసుకున్నాక పులుపు, తీపి, నురగ, నిడివి అనే నాలుగింటినీ వరుసగా గమనించాలి. పులుపు నోరూరించాలే గాని పళ్లు పులియజేయకూడదు. చివర చేర్చిన తీపి విడిగా తెలియకుండా పులుపులో కలిసిపోవాలి. మింగిన తర్వాత తీపి ఒక్కటే మిగిలితే, లోపాన్ని చక్కెరతో కప్పారని అనుమానించవచ్చు. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందన్నది అన్నిటికన్నా నమ్మదగిన కొలమానం. సీసా వెనుక మడ్డితీత తేదీ ఉంటే దాన్నీ చూడాలి. సాధారణ రకాలు ఆ తేదీ తర్వాత రెండు మూడేళ్లలో తాగితేనే తాజాగా ఉంటాయి.

తెలుగు భోజనంతో

పులుపూ నురగా కలిసి నూనెను కడిగేస్తాయి కనుక వేపుళ్లకు ఈ వైన్లు బాగా కుదురుతాయి. చిలికా సరస్సు రొయ్యలనూ పీతలనూ అల్లం, ఉప్పు, కొద్దిపాటి మిరియాలతో వేయించితే వాటి పక్కన త్రెంతో బ్రూట్, బరంపురం అప్పడాలూ జీడిపప్పు వేపుడూ ఉన్నచోట సాటెన్ నప్పుతాయి. కారం మితిమీరిన కూరలతోనూ ఆవకాయతోనూ మాత్రం చక్కెర లేని రకాలు పొసగవు. మిరపఘాటును ఆల్కహాల్, నురగ మరింత రేపుతాయి. అటువంటి భోజనానికి ఎక్స్‌ట్రా డ్రై రకమే కొంత ఊరట. పాయసం, రసగుల్లా వంటి తీపి పదార్థాల పక్కన బ్రూట్ చప్పగానూ పుల్లగానూ తోస్తుంది.

దిగుమతి సుంకాల వల్ల ఇటలీ సీసాలు భారతదేశంలో ఖరీదైనవే. అయితే ఈ పద్ధతి ఇక్కడికి కొత్త కాదు. మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్‌లో షాటో ఇండేజ్ సంస్థ ఫ్రెంచి సాంకేతిక సహకారంతో 1980ల్లోనే ఒమర్ ఖయ్యాం అనే నురగ వైన్‌ను తయారుచేసింది. నేడు నాసిక్ జిల్లాలో సులా, దిండోరిలోని షాండన్ సంస్థలు సంప్రదాయ పద్ధతిలోనే వైన్లు తీస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని ఏదైనా ప్రొసెక్కోతో పక్కపక్కన ఉంచి రుచి చూస్తే సీసాకూ ట్యాంకుకూ ఉన్న తేడా తెలిసిపోతుంది. ఆ తర్వాత త్రెంతో, ఫ్రాంచాకోర్తాలను పోల్చడం కష్టం కాదు.

ఇవన్నీ పన్నెండు, పన్నెండున్నర శాతం ఆల్కహాల్ ఉన్న పానీయాలేననీ, నురగ వల్ల ఆ ఆల్కహాల్ త్వరగా తలకెక్కుతుందనీ మరువరాదు. రుచి చూడడానికి గుక్కెడు చాలు, నిపుణులు దాన్ని కూడా ఉమ్మివేస్తారు. కొనదలచినవారు బంగారు కాగితాన్నీ ధరనూ పక్కనపెట్టి, లేబుల్‌పై మూడు సంగతులు వెతకాలి: మెతొదో క్లాస్సికో అన్న మాట ఉన్నదా లేక ఆ పద్ధతినే శాసించే ప్రాంతం పేరు ఉన్నదా, మడ్డిపై ఎన్ని నెలలు గడిపింది, చివర ఎంత తీపి చేర్చారు. ఈ మూడూ తెలిసిన వినియోగదారుడికి దుకాణదారుడి సిఫారసు అవసరం పెద్దగా ఉండదు.